ఇంటి కంప్యూటరు: తాళము, తాళపుచెవి
(మన సంఘ భవనమున ఆదివారపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ఈ దినమున మాటలాడుమని కోరినప్పుడు, నూలు ధరలను గూర్చియో, బడి ప్రవేశములను గూర్చియో చెప్పుదునని పలువురు తలచి యుందురు. నేను చెప్పదలచినది వేరు. మన ఇండ్లలో ముందుగదిలో బల్లమీద నుండు కంప్యూటరును గూర్చి, అది తెరచునప్పుడు అడుగు ప్రశ్నను గూర్చి, లేదా అడుగక మానుటను గూర్చి చెప్పవలెనని వచ్చితిని. నేను యంత్రవిద్య నేర్చినవాడను కాను. ఐనను ఈ విషయము తాళము, తాళపుచెవులకు సంబంధించినది. అది వ్యాపారికి తెలియని విద్య కాదు.

సంఘపు పనిమీద షోలాపురములోని మనవారి ఇండ్లకు పోయినప్పుడెల్ల నేను గమనించుచున్నది ఇది. మీట నొక్కగానే కంప్యూటరు “నీవెవరవు?” అని అడుగకుండనే తెరచుకొనును. ఏమని అడిగినచో, “ప్రతిసారి పాస్‌వర్డు కొట్టుట విసుగు, అందుచేత తీసివేయించితిమి” అందురు. ఆ కంప్యూటరులో నేమున్నది? దుకాణపు జీఎస్టీ లెక్కలు, బ్యాంకు కాగితములు, ఇంటిల్లిపాది ఆధారు కార్డుల నకళ్లు, పిల్లల మార్కుల పత్రములు, ఆడపిల్ల పెండ్లి ఫొటోలు. కొందరి ఇండ్లలో మన సంఘపు సభ్యుల జాబితా, విద్యార్థి వేతనముల దరఖాస్తులు గూడ నున్నవి. దీపావళి నాడు లక్ష్మీపూజలో ఖాతా పుస్తకములకు పసుపు కుంకుమ పెట్టి, ఆ పుస్తకములను బీరువాలో పెట్టి తాళము వేయువారము మనము. ఆ పుస్తకములలోని లెక్కయే నేడు కంప్యూటరులో నున్నది. దానికి మాత్రము తలుపైనను లేదు.

పాస్‌వర్డు అనునది దొంగల కొరకు పుట్టినదని మనము అనుకొందుము. వాస్తవమది కాదు. అమెరికాలో ఎంఐటీ విద్యాలయమున 1961లో కోర్బటో అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని చేసి చూపిరి. యంత్రమొకటి, మనుష్యులు పలువురు. ఎవరి పత్రములు వారికి వేరుగా నుండవలెను. అందుకొరకు వారు ఒక్కొక్కరికి ఒక రహస్యపు మాట నిచ్చిరి. మన ఉమ్మడి కుటుంబములో అన్నదమ్ములు నలుగురు ఒకే ఇంట నుండి, ఎవరి పెట్టెకు వారు తాళము వేసికొనుట వంటిది ఇది. ఆ రహస్యము నిలిచినదా యందురేమో! మరుసటి సంవత్సరమే, అనగా 1962లో, షెర్ అను పరిశోధక విద్యార్థి తనకిచ్చిన యంత్రకాలము చాలక, పాస్‌వర్డుల పట్టికనే ఆ యంత్రముచేత అచ్చు వేయించుకొని ఇతరుల కాలమును వాడుకొనెను. చదువుకొన్నవాడు, ఇంటిలోనివాడు, అవసరముగలవాడు! మనము ఎవరిని దృష్టిలో నుంచుకొని తాళము వేయవలెనో ఈ కథవలన తెలియును.

కావున మొదటి పని, ఇంటిలో ఎందరు ఆ కంప్యూటరు వాడుదురో అన్ని ఖాతాలు వేరువేరుగా తెరచుట. విండోస్‌లో సెట్టింగ్స్ తెరచి, అకౌంట్స్ అను భాగమున అదర్ యూజర్స్ అనుచోట క్రొత్త పేరు చేర్చవచ్చును. ఈ ఖాతాలు రెండు రకములు. అడ్మినిస్ట్రేటరు అనువాడు ఇంటి యజమాని వంటివాడు. ఏ గదియైనను తెరువగలడు, క్రొత్త సామాను తెచ్చి దింపగలడు. స్టాండర్డు అనువాడు తన గదికి మాత్రమే యజమాని. మన ఇండ్లలో ఎనిమిదేండ్ల మనుమడు మొదలుకొని అందరును యజమాని ఖాతాలోనే కూర్చుందురు. బాలుడు ఆట యొకటి ఎక్కడనో దొరికినదని దింపుకొనును. దాని వెంట వచ్చిన దుష్ట ప్రోగ్రాముకు గూడ యజమాని అధికారము దొరకును. అదే స్టాండర్డు ఖాతా యైనచో, ఇంటికంతటికి సంబంధించిన మార్పు చేయబోవునప్పుడు యంత్రము ఆగి, అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు అడుగును. బాలుని సొంత పత్రములకు చెరుపు కలుగవచ్చును గాని, తాతగారి ఖాతా పుస్తకములకు అంత సులభముగా కలుగదు.

నా అభిప్రాయమున ఇంటి పెద్దకు గూడ రెండు ఖాతాలుండవలెను. దినదినము వాడుకొనుటకు స్టాండర్డు ఖాతా; అవసరమునకు మాత్రమే అడ్మినిస్ట్రేటరు ఖాతా. ఇనుప పెట్టె తాళపుచెవిని గల్లాపెట్టెమీద పెట్టి కూర్చుండు వ్యాపారి యుండునా?

ఇక పిన్ సంగతి. నాలుగంకెల పిన్ కంటె పొడవైన పాస్‌వర్డు గట్టిది గదా, పిన్ ఎందుకు పెట్టుకొనుమనుచున్నారని ఒక సోదరుడు నన్ను అడిగిరి. మంచి ప్రశ్న. మైక్రోసాఫ్టు ఖాతా పాస్‌వర్డు తెలిసినవాడు ప్రపంచములో ఎక్కడనుండియైనను ఆ ఖాతాలోని ఉత్తరములు, పత్రములు తెరువ ప్రయత్నింపగలడు. పిన్ అట్లు కాదు. అది ఆ ఒక్క యంత్రమునకు కట్టుబడినది. యంత్రము చేతిలో లేనిదే పిన్ తెలిసియు ప్రయోజనము లేదు. కావున పదిమంది తిరుగు గదిలో, ప్రక్కవారు చూచుచుండగా, దినమునకు పదిసార్లు కొట్టవలసినది పిన్ యగుటయే మేలు. కాని నాలుగంకెలతో తృప్తిపడక ఆరు అంకెలైనను పెట్టుడు. అక్షరములు చేర్చుకొను వీలు గూడ అచ్చటనే యున్నది. జన్మ సంవత్సరము, దుకాణపు ఫోను నంబరులోని కడపటి అంకెలు మాత్రము వలదు. అవి బోర్డుమీదనే వ్రాసి యున్నవి.

పాస్‌వర్డునకు పొడవే బలము. సంబంధములేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో కూర్చినచో చాలును. మజ్జిగ, నిచ్చెన, కొడవలి, పదహారు అను మాటలు ఒక వరుసలో వ్రాసినట్లు. (దయయుంచి ఇవే మాటలు పెట్టకుడు, ఈ సభలో అందరును వినిరి.) తెలుగు లిపిలోనే పెట్టుకొందమని భాషాభిమానము గల మిత్రుడొకరు అనిరి. వారి అభిమానమునకు నమస్కారము. కాని ప్రవేశపు తెరమీద మీటల పలక ఇంగ్లీషులో నిలిచిపోయినచో, సొంత ఇంటి వాకిట మనమే నిలువవలసి వచ్చును. ప్రతి నెల పాస్‌వర్డు మార్చవలెనను పాత నియమము గూడ ఇప్పుడు లేదు. అమెరికా ప్రమాణముల సంస్థయైన నిస్ట్, కారణము లేకుండ గడువు పెట్టి పాస్‌వర్డు మార్పింపవలదని, అది బయటపడినట్లు తెలిసినప్పుడే మార్పింపవలెనని 2017లో చెప్పినది. నెలనెల మార్చుమన్నచో మనుష్యుడు చివర ఒకటి తీసి రెండు పెట్టును, అంతే.

పాస్‌వర్డు మరచినచో ఏమి గతి? ఆ యంత్రమునకే పరిమితమైన లోకల్ ఖాతాకు విండోస్ మూడు రహస్య ప్రశ్నలు పెట్టుకొననిచ్చును. ఆ ప్రశ్నలు వినుడు. పుట్టిన ఊరు ఏది? చిన్ననాటి ముద్దుపేరేమి? మొదట చదివిన బడి ఏది? తల్లిదండ్రులు కలిసికొన్న ఊరేది? కజిన్లలో పెద్దవాని పేరేమి? ఇవి ఎవరు ఎవరి కొరకు వ్రాసిరో గాని, మనవంటి సమాజము కొరకు మాత్రము కాదు. మన పేటలో ఎవరి ముద్దుపేరు ఎవరికి తెలియదు? తెలంగాణములో ఏ ఊరినుండి తాతలు మగ్గము మోసికొని ఇచ్చటికి వచ్చిరో, ఇంటిపేరు వినగానే ముసలివారు చెప్పగలరు. తల్లిదండ్రులు కలిసికొన్న ఊరట! పెండ్లిచూపులు ఎక్కడ జరిగినవో విందు తిన్నవారందరికి తెలియును. మేనరికమైనచో అడుగనే అక్కరలేదు. కజిన్ అన్నచో పెదనాన్న కుమారుడా, మేనత్త కుమారుడా యను భేదము వారికి లేకపోయినను, ఆ ఇద్దరి పేర్లును పెండ్లి పత్రికలలో అచ్చుపడియే యుండును. కావున ఆ ప్రశ్నలకు నిజము చెప్పకుడు. ఇచ్చట అబద్ధమాడుట దోషము కాదు. యంత్రము సాక్ష్యము విచారింపదు. పుట్టిన ఊరు అన్నచోట మరియొక పాస్‌వర్డు వంటి మాట వ్రాసి, దానిని పుస్తకమున గుర్తు పెట్టుకొనుడు.

కుర్చీ విడిచి లేచునప్పుడు విండోస్ మీటను, ఎల్ మీటను కలిపి నొక్కినచో తెర మూతపడును. నిద్ర నుండి లేచిన యంత్రము మరల పిన్ అడుగునట్లు సైన్-ఇన్ ఆప్షన్స్‌లో ఒక ఏర్పాటున్నది; దానిని “నెవర్” అనుచోట నుంచకుడు. ఈ రెండిటికి ఇంతకంటె వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇప్పుడు చెప్పబోవునది మాత్రము కొంచెము నిదానముగ వినవలెనని కోరుచున్నాను. ప్రవేశమున పాస్‌వర్డున్నంత మాత్రమున లోపలి డిస్కు భద్రము కాదు. దానిని ఊడదీసి వేరొక యంత్రమునకు తగిలించినచో చదువవచ్చును. అందుచేత నేటి విండోస్ యంత్రములలో చాలవాటికి డిస్కులోని వ్రాతనంతయు గూఢలిపిగా మార్చు ఏర్పాటున్నది. క్రొత్తవాటిలో అది మనము అడుగకుండనే మొదలగుచున్నది. మంచిదే. కాని దానికి 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య యొకటి కలదు. మరమ్మతులో లోపలి ముఖ్య పలక మారినప్పుడు, మరికొన్ని మార్పులు జరిగినప్పుడు, యంత్రము ఆ 48 అంకెలు అడుగును. అవి లేనిచో లోపలి వ్రాత చదువగలవారు లేరు; యంత్రము చేసిన సంస్థయైనను చదువలేదు.

మన సమాజములో ఒక కుటుంబమున జరిగినది చెప్పెదను, పేరు అనవసరము. ఇంటి యజమాని హఠాత్తుగా కాలము చేసిరి. ఆయన చాల జాగ్రత్తగల మనిషి, అన్నిటికి తాళము వేసిన మనిషి. కొన్ని నెలలకు యంత్రము చెడినది, పలక మార్చిరి, తెరమీద 48 అంకెలు అడిగినది. ఆ సంఖ్య ఆయన మైక్రోసాఫ్టు ఖాతాలో నున్నది. ఆ ఖాతా తెరువవలెనన్నచో ఆయన ఫోనుకు ఓటీపీ పోవును. ఆ సిమ్ కార్డు రీచార్జి లేక ఎన్నడో ఆగిపోయినది. ఏడు సంవత్సరముల బాకీల లెక్క అందులోనే యుండెను. బాకీదారులలో ధర్మాత్ములు తామే వచ్చి తమ మొత్తము చెప్పి చెల్లించిరి. తక్కినవారి సంగతి మీకు తెలియును. ఆ ఇల్లాలు నాతో, “అన్నయ్యా, ఆయన దొంగలు రాకుండ వేసిన తాళము మాకే పడినది” అని అనినది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయినది.

అందుచేత తాళము ఎంత అవసరమో, తాళపుచెవి యున్న చోటు ఇంటిలో మరియొకరికి తెలిసి యుండుట గూడ అంతే అవసరము. ఆ 48 అంకెలను కాగితముమీద వ్రాయుడు. ఒకసారి వ్రాసి రెండుసార్లు సరిచూడుడు. అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును దాని క్రింద వ్రాయుడు. కవరులో పెట్టి, అంటించి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలో నుంచుడు. భార్యకు చెప్పుడు, పెద్ద కుమార్తెకో కుమారునికో చెప్పుడు. పాస్‌వర్డు కాగితముమీద వ్రాయరాదని మీరు విని యుందురు. తెరకు అంటించరాదు, బల్ల సొరుగులో నుంచరాదు; అది నిజము. బంగారముతో పాటు బీరువాలో నుంచినచో తప్పులేదు. ముఖ్యమైన పత్రములకు వేరొక డిస్కుమీద నకలు గూడ నుంచుడు. సంఖ్య దొరకినను డిస్కే చెడినచో ఏమి చేయుదుము?

కొందరికి మనస్సులో వేరొక మాటయున్నది, మొగమాటముచే చెప్పరు. సొంత ఇంటిలో తమ్మునికి, కోడలికి తెలియకుండ తాళమేమిటి, అది అవిశ్వాసము కాదా యని. ఒక్కొక్కరికి ఒక గది ఇచ్చుట అవిశ్వాసమైనచో ఇల్లు కట్టుటయే అవిశ్వాసము. పైగా తాళము లేని చోట ఏదైన పోయినప్పుడు, అనుమానము అందరికంటె ముందు కోడలిమీదనో, పనిపిల్లమీదనో పడును. ఎవరి ఖాతా వారికి వేరుగా నున్నచో నిందయు తప్పును.

విండోస్ 10 వాడుచున్నవారు ఒకటి గమనింపవలెను. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణమైన రక్షణ నవీకరణలు నిలిచినవి. నవీకరణ లేని యంత్రమునకు ఎంత గట్టి పాస్‌వర్డున్నను గోడలో కన్నమున్నట్లే. 2017 మేలో వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసు వారి కంప్యూటర్లను గూడ పట్టినది. దానికి విరుగుడును మైక్రోసాఫ్టు వారు ఆ మార్చిలోనే ఇచ్చియుండిరి, వేసికొననివారే చిక్కుకొనిరి.

“మీ కంప్యూటరులో వైరసున్నది, మేము కంపెనీ నుండి మాటలాడుచున్నాము, ఈ ప్రోగ్రాము దింపుకొనుడు” అని ఫోను వచ్చినచో పెట్టివేయుడు. మరాఠీలో వచ్చినను, హిందీలో వచ్చినను, ముచ్చటగా తెలుగులో వచ్చినను. ఇప్పటికే ధనము పోయినవారు ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. సిగ్గుపడి ఇంటిలో దాచినచో ఆ ధనము మరింత దూరము పోవును.

వచ్చు ఆదివారము మొదలుకొని నాలుగు ఆదివారములు, సాయంకాలము నాలుగు గంటలకు, మన భవనములో ఈ పని చేయించు ఏర్పాటు జరిగినది. ల్యాప్‌టాపు గలవారు దానిని, ఛార్జరును, ఒక కవరును తీసికొని రండు. బల్లమీది కంప్యూటరు గలవారు కార్యదర్శిగారి వద్ద పేరు వ్రాయించినచో మన యువకులిద్దరు ఇంటికే వత్తురు. స్త్రీలు గూడ తప్పక రావలెను. కవరు ఎక్కడ నుంచవలెనో నిర్ణయించువారు వారే గదా. యువకులకు మీ పాస్‌వర్డు చెప్పకుడు. మీరే కొట్టుడు, వారు ముఖము త్రిప్పుకొని నిలుచుందురు. అట్లు నిలువనివాని పేరు నాకు చెప్పుడు.