పూర్వజన్మలో మనమెవరం?

(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సందర్భమున రామకుప్పంలో చేసిన ప్రసంగపాఠము)



ఈ ఉదయం యాగశాల నుండి బయలుదేరిన కలశాలు మేళతాళాలతో ప్రదక్షిణం చేసి విమానశిఖరాన్ని చేరినపుడు, ఆ పుణ్యజలం శిఖరం మీదినుండి జాలువారినపుడు, మనమందరం చేతులు జోడించి నిలిచాం. స్వామిని తెలుగులో పిలిచినవారున్నారు, తమిళంలో పిలిచినవారున్నారు, కన్నడంలో పిలిచినవారున్నారు. మూడు రాష్ట్రాల పొలిమేరలో ఉన్న మన సీమకు అది సహజం. ఆ దృశ్యం చూసిన కన్నులు ధన్యమైనాయి.

ఈ సభలో పునర్జన్మను గురించి నాలుగు మాటలు చెప్పమని ఆలయ కమిటీ పెద్దలు ఆదేశించారు. జీర్ణోద్ధరణకు, పునర్జన్మకు సంబంధమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. పనులు ప్రారంభించేముందు అర్చకస్వాములు కళాకర్షణం చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మూలవిరాట్టులోని దివ్యకళను మంత్రపూర్వకంగా కుంభంలోనికి ఆవాహన చేసి బాలాలయంలో నెలకొల్పారు. ఆ తరువాతనే పాత కప్పు విప్పారు, బీటలువారిన గోడలు తీశారు, విమానాన్ని సరిచేశారు, అష్టబంధనం కొత్తగా వేశారు. ఈ ఉదయం ఆ కళ మరల మూలస్థానాన్ని చేరింది. ఇల్లు కొత్తది, ఇంటిలోనివాడు పాతవాడే. దేహం మారినా దేహి మారడని పెద్దలు చెప్పే మాటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం అక్కరలేదు.

పునర్జన్మ ఉన్నదా, లేదా అన్న వాదంలోనికి నేను పోవడంలేదు. ఉన్నదని నమ్మేవారమే ఇక్కడ ఎక్కువమందిమి. ఆ నమ్మకాన్ని మనం దేనికి వినియోగించుకొంటున్నాం అన్నదే ఈనాటి నా ప్రశ్న.

ముందుగా నా సంగతి చెప్పుకోవడం న్యాయం. చాలా ఏళ్ల క్రితం, కాలం కలిసిరాని రోజుల్లో, తాళపత్రాలు చూసి పూర్వజన్మ చెబుతామన్న ఒకరి దగ్గరకు వెళ్లాను. వేలిముద్ర తీసుకొన్నారు, దక్షిణ తీసుకొన్నారు. నేను పూర్వజన్మలో ఒక రాజాస్థానంలో మంత్రిగా ఉన్నానని సెలవిచ్చారు. బయట టీకొట్టు దగ్గర మాటలు కలిసినపుడు తెలిసింది, నాకు ముందు వెళ్లినాయన సేనాపతి, నా తరువాత వచ్చినాయన మఠాధిపతి అని. కూలివాడు గాని, గొర్రెల కాపరి గాని ఆనాడు మాలో ఒక్కరూ లేరు. అయినా నాకు అనుమానం రాలేదు. ఇంటికి చేరేవరకు తల ఎత్తుకొనే నడిచాను. మా అమ్మ అంతా విని, “అప్పుడు మంత్రివైతే అయినావులే నాయనా, ఇప్పుడు ఎనుముకు కుడితి పెడితివా లేదా?” అన్నది. ఆనాటి నుండి ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను. పునర్జన్మ సిద్ధాంతానికి అంతకంటె మంచి వ్యాఖ్యానం నాకు కనబడలేదు.

ఈ కోరిక నా ఒక్కడిదే కాదు. ఈ విశాల ప్రపంచంలో నేనెవరినీ కానేమో అన్న బెంగ ప్రతి మనిషిలోనూ ఉంటుంది. ఇవాళ లేని ఘనతను నిన్నటి జన్మలోనైనా వెతుక్కొంటే ఆ బెంగ కాస్త చల్లారుతుంది. ఆ వెతుకులాట ఎంతదూరం పోగలదో తెలుసుకోవాలంటే మనం దేశాంతరం పోనక్కరలేదు. రామకుప్పం నుండి వి.కోట, పలమనేరు, పుంగనూరు దాటితే మదనపల్లె.

ఆ మదనపల్లెలో 1895 మే నెలలో జిడ్డు కృష్ణమూర్తి జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడింది. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. తండ్రి నారాయణయ్య రెవిన్యూ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానం కనుక దేవకీదేవి ఎనిమిదవ బిడ్డ పేరు పెట్టుకొన్నారు. పదేళ్ల వయసులో తల్లి పోయింది. బడిలో మందుడని దెబ్బలు తిన్న బాలుడు. 1909 జనవరిలో నారాయణయ్య పిల్లలను తీసుకొని మద్రాసులో అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరారు. ఆ సంవత్సరమే సమాజ ప్రముఖుడైన లెడ్‌బీటర్ సముద్రతీరంలో ఈ బాలుని చూసి, రాబోయే జగద్గురువుకు ఉపాధి కాగలవాడు ఇతడేనని నిశ్చయించారు.

అంతటితో ఆగలేదు. దివ్యదృష్టితో ఆ బాలుని పూర్వజన్మలు చూశానంటూ లెడ్‌బీటర్ వాటిని 1910 నుండి ‘థియోసాఫిస్ట్’ పత్రికలో ప్రకటించారు. అందులో బాలునికి ఆల్సియోనీ అని నక్షత్రం పేరు. మొత్తం ముప్పది జన్మలు. మొదటిది క్రీస్తుకు పూర్వం 22,662వ సంవత్సరంలో! అనిబిసెంటు హెరాక్లిస్, లెడ్‌బీటర్ సిరియస్, బాలుని తమ్ముడు నిత్యానంద మిజార్. ఏ జన్మలో ఎవరు ఎవరికి తండ్రి, ఎవరు ఎవరికి భార్య అన్న వివరాలతో పట్టికలు తయారయ్యాయి. “ఆ జన్మల్లో మీరున్నారా?” అన్నది సమాజ సభ్యులలో పలకరింపు అయిపోయింది. పేరున్నవారికి గర్వం, లేనివారికి దిగులు. చదువుకొన్నవారు, సముద్రాలు దాటి వచ్చినవారు కూడ ఇందుకు అతీతులు కాలేకపోయారు. టీకొట్టు దగ్గర నా పరిస్థితే వారిదీ. నాది తాళపత్రం, వారిది అచ్చుపత్రిక. అంతే భేదం.

వేలయేండ్ల బంధుత్వాలు లెక్కించిన ఆ చోటనే కన్నతండ్రి తన బిడ్డలకోసం కోర్టు గుమ్మం ఎక్కవలసివచ్చింది. 1913లో మద్రాసు హైకోర్టు నారాయణయ్య పక్షాన తీర్పు చెప్పింది. 1914లో లండనులోని ప్రివీ కౌన్సిల్ దానిని త్రోసివేసింది.

అంతకంటె పెద్ద దెబ్బ తరువాత వచ్చింది. తమ్ముడు నిత్యానందకు క్షయ సోకింది. మహత్కార్యానికి అతడు అవసరం గనుక అతడు పోడని అన్నగారు గాఢంగా విశ్వసించారు. 1925 నవంబరు 13న కాలిఫోర్నియాలో నిత్యానంద మరణించారు. భారతదేశానికి వస్తున్న ఓడలో కృష్ణమూర్తికి ఆ తంతి అందింది. ఎన్ని జన్మల అన్నదమ్ములని వ్రాసిపెట్టినా, ఆ రాత్రి ఆ దుఃఖం ముందు ఆ వ్రాతలు ఏ పనికి వచ్చివుంటాయో మీరే ఊహించండి.

1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, మూడువేలకు పైబడిన సభ్యుల ఎదుట, అనిబిసెంటు సమక్షంలో, తన్ను గురువుగా నిలిపిన ‘నక్షత్ర సంఘాన్ని’ కృష్ణమూర్తి స్వయంగా రద్దుచేశారు. సంఘానికి వచ్చిన భూములు, ధనం తిరిగి ఇప్పించివేశారు. ముప్పది జన్మల ఘనతను ఒక్క ఉదయాన దించివేసిన మనిషి మన ప్రక్క ఊరివాడు. పూజను, క్రతువును ఆయన అంగీకరించలేదు. ఆ విషయంలో మన దారి వేరు. అయినా పునర్జన్మను గురించి అడిగినవారికి ఆయన చెబుతూ వచ్చిన సమాధానం మనం చెవికి ఎక్కించుకోదగినది. దాని సారాంశమిది: మరల పుడతామని నిజంగా నమ్మినవాడికి, ఇవాళ ఎలా బ్రతుకుతున్నామన్నదే అన్నింటికంటె ముఖ్యం కావాలి. నమ్మేవారు మాత్రం అలా బ్రతకడంలేదు.

ఇది మన పురాణాలు చెప్పనిదా? భాగవతంలోని జడభరతుని తలచుకోండి. ఈ దేశానికి తన పేరిచ్చిన చక్రవర్తి భరతుడు. రాజ్యం విడిచి తపస్సుకు పోయి, తల్లి లేని లేడిపిల్లపై మమకారంతో ప్రాణం విడిచి, లేడియై పుట్టాడు. ఆ పైన బ్రాహ్మణుని ఇంట పుట్టాడు. అతనికి గత జన్మలు నిజంగానే జ్ఞాపకమున్నాయి. ఎవరితోనూ చెప్పుకోలేదు. జడుడని లోకం నవ్వితే నవ్వనిచ్చాడు. అన్నలు పొలం పనికి పొమ్మంటే పోయాడు. రహూగణుని భటులు పల్లకి మోయమంటే భుజం ఒగ్గాడు. కాలిక్రింద ప్రాణి నలగరాదని చూసి చూసి అడుగువేయడంతో పల్లకి కుదుపులకు లోనయింది. రాజు ఎత్తిపొడిచాడు. అప్పుడైనా ‘నేను నీకంటె గొప్ప చక్రవర్తిని’ అనలేదు. దేహమెవరిది, మోసేదెవరు అని తత్త్వం చెప్పాడు. రాజు శరణని అడిగిన మీదట, ఒకప్పుడు తాను భరతుడనే రాజునని చెప్పాడు. అదీ ఘనతగా చెప్పలేదు. ఒక లేడిపిల్ల మమకారంలో తాను ఎలా జారిపోయాడో హెచ్చరించడానికి చెప్పాడు. పూర్వజన్మ స్మృతి అతనికి నేర్పింది ఒక్కటే, ఈ జన్మలో అడుగు ఎక్కడ వేయాలో చూసుకోవడం.

మన శ్రీకాళహస్తి సంగతే చూడండి. వేటగాడు తిన్నడు పూర్వజన్మలో అర్జునుడని భక్తులలో ఒక సంప్రదాయముంది. అయితే మనం కన్నప్పకు మ్రొక్కేది ఒకనాటి గాండీవధారి అనా? కాదు. స్వామి కంట నెత్తురు కారితే తన కన్ను పెకలించి ఇచ్చాడని. ఆ మహానుభావుని ప్రాముఖ్యమంతా ఆ జన్మలో, ఆ చేతిలో ఉన్నది.

గీతలో భగవానుడు మనకు అనేక జన్మలు గడచినవని, అవి తనకు తెలుసునని, అర్జునునకు తెలియవని చెప్పాడు. చెప్పగల సర్వజ్ఞుడు ఎదుటనే ఉన్నాడు. అయినా ‘అయితే స్వామీ, నేనెవరినై ఉంటిని?’ అని అర్జునుడు అడగలేదు. మరికొంతసేపటికి వేరొక ప్రశ్న అడిగాడు. సాధన మధ్యలో ఆగిపోయినవాని గతి ఏమిటని. మేలు చేసినవాడెవడూ చెడిపోడని, అతడు మరల మంచి ఇంట పుట్టి, వదిలినచోటి నుండి పని అందుకొంటాడని భగవానుడు అభయమిచ్చాడు. పునర్జన్మ మనకు ప్రసాదించిన వరమిది. మిగిలిపోయిన పనికి మరొక అవకాశం.

అర్జునుడు అడగని ప్రశ్నను మనం మన గొప్పకోసం అడుగుతున్నాం. అంతకంటె దారుణంగా, దానికి సమాధానాన్ని ఇతరుల తలపై మోపుతున్నాం. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ముందు నిలిచి ‘ఏ జన్మలో చేసిన పాపమో’ అంటాం. ఆ మాట అనే అధికారం మనకెవరిచ్చారు? అవతలివారి పూర్వజన్మ మనకు కనబడిందా? పుట్టుకే పూర్వకర్మకు సాక్ష్యమని చెప్పి, తరతరాలుగా కొందరిని గుడి వెలుపల నిలిపిన చరిత్ర కూడ మనదే. మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండగా, 1947లో దేవాలయ ప్రవేశ చట్టం వచ్చింది. తలుపులు చట్టం తెరిచింది. మనసులు మనమే తెరవాలి. ఈ ఉదయం తీర్థం కోసం ఒకే వరుసలో నిలిచినవారిలో ఎవరు పూర్వం ఎవరో స్వామికొక్కనికే ఎరుక. ఒకనాడు ఈ గుడికి తొలిరాయి పెట్టిన పుణ్యాత్ముడే ఇవాళ తట్టతో సిమెంటు మోసిన కూలివాడై ఉండరాదా? మన సిద్ధాంతాన్ని మనమే నమ్మితే, ఆ కూలివానికి ‘నువ్వు’ అనడానికి కూడ నోరు రాకూడదు.

దాతలకొక మాట విన్నవిస్తాను. మీ పేర్లు రాతిపై చెక్కించడం తప్పుకాదు. పూర్వులు కూడ శాసనాలు వేయించారు. కాని ఆ శాసనాల చివర తరచు ఏమి కనబడుతుందో గమనించండి. దానం చేయడంకంటె ఇతరులు చేసిన దానాన్ని కాపాడటమే శ్రేష్ఠమన్న నీతి ఉంటుంది. ఈ ధర్మాన్ని రక్షించబోయేవాని పాదాలు తన శిరస్సుపై అని ఎందరో దాతలు వ్రాయించారు. ఆలోచించండి. భూమి ఇచ్చినవాడు, బంగారం ఇచ్చినవాడు, తాను చూడని, పేరు తెలియని, ఇంకా పుట్టని ఒక మనిషికి ముందుగానే పాదాభివందనం చేసి పోయాడు.

ఆ మనిషి ఎవరు? పాడుబడిన గుడిని చూసి ఊరకుండలేక వేలో, వందో, ఒక రోజు కూలియో ఇచ్చిన మీరు. మనం పూర్వజన్మలో ఎవరమన్న ప్రశ్నకు సమాధానం దొరకకపోవచ్చు. మనకోసం శతాబ్దాల వెనుక నుండే చేతులు జోడించినవారున్నారన్నది మాత్రం రాతిపై వ్రాసివున్న సత్యం. అంతకుమించిన ప్రాముఖ్యం మనిషికి ఏ జన్మలో కావాలి?

రేపటినుండి నిత్యపూజ మొదలవుతుంది. ఉత్సవం ముగిసిన తరువాతనే గుడికి అసలు అవసరం. దీపంలో నూనె, ప్రాంగణంలో చీపురు, వాననీరు నిలువకుండా పైకప్పు శుభ్రం, ఇవి మరువవద్దు. మరొక కుంభాభిషేకం నాటికి మనలో కొందరం ఉండము. మరల ఇక్కడనే పుడితే, ఎవరమో తెలియకుండానే ఈ మెట్లెక్కుతాం. అప్పుడు ఈ గుడి ఎలా కనబడాలని కోరుకొంటామో, ఇప్పుడు దానిని అలా ఉంచుదాం.

స్వస్తి. శుభమస్తు.