కొలవనిదే కొనవద్దు: నెమ్మదించిన ఇంటి కంప్యూటరుకు మెమొరీ అవసరమా?

(మొగల్తూరులో జరిగిన పాల ఉత్పత్తిదారుల సమావేశంలో, సంఘ కార్యదర్శిగా పనిచేసి విరమించిన ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పచ్చిమేత గురించో, గాలికుంటు టీకాల గురించో నేను మాట్లాడతాననుకొని మీరు వచ్చివుంటారు. ఈ రోజు ఇంట్లోని కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని పాలకవర్గంవారు కోరారు. దానికి కారణం వున్నది. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు, పిల్లల చదువు ఆగిపోకూడదని మనలో కొందరం పాల బిల్లు డబ్బుతో కంప్యూటర్లు కొన్నాము. కొత్తది కొనలేనివారు వాడినది కొన్నారు. ఇప్పుడవి నెమ్మదించాయి. మీట నొక్కి, కాఫీ కాచుకొని తాగి వచ్చినా తెర తెరుచుకోవడం లేదు. "మెమొరీ పెంచితే సరిపోతుంది" అని ఒకరంటారు. "ఇది పారేసి కొత్తది కొనండి" అని ఇంకొకరంటారు. ఎవరి మాట వినాలన్నదే ఈనాటి సమస్య.

నేను చేసిన పొరపాటు

ముందుగా నా సంగతి చెబుతాను. మా మనవరాలి కోసం 2020లో వాడిన కంప్యూటరు ఒకటి కొన్నాను. 2024 నాటికి ఆ పిల్ల బి.కాం.లో చేరింది. అప్పటికి కంప్యూటరు బాగా మొండికేసింది. పట్నంలో ఒక దుకాణానికి వెళ్ళి, నెమ్మదిగా నడుస్తోందని చెప్పాను. ఆయన యంత్రాన్ని చూడలేదు, నన్ను మరొక ప్రశ్న అడగలేదు. ఎనిమిది జీబీ మెమొరీ బిగిస్తే గుర్రంలా పరుగెత్తుతుందన్నాడు. రెండు వేల చిల్లర ఇచ్చి కొన్నాను. ఆ డబ్బు నాది కాదు. మా ఇంట్లో రెండు గేదెలనూ సాకేది మా ఆవిడ. ఆ పక్షం వచ్చిన పాల బిల్లులోనుంచి అడిగి తీసుకొన్నాను.

ఇంటికి వచ్చి బిగించాము. ఏమీ మారలేదు. కాఫీ తాగినంతసేపూ అలాగే పట్టింది. మా ఆవిడ ఒక్కటే మాట అడిగింది. "ఇన్నేళ్ళు సంఘంలో పనిచేశారు కదండీ, వెన్న చూడకుండా ఎవరి పాలకైనా డబ్బు కట్టారా?" నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న. మన ఉద్యమం పుట్టిందే కొలత మీద. గుజరాత్‌లో ఖేడా జిల్లా పాలరైతులు 1946 డిసెంబరు 14న తమ సహకార సంఘాన్ని రిజిస్టరు చేయించుకొన్నారంటే, కొనేవాడు చెప్పిందే ధర అన్న పద్ధతి పోవాలనే. గెర్బర్ పరీక్ష మనకు తెలిసినదే. బుడ్డిలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు పోసి తిప్పితే వెన్న ఎంతో కంటికి కనిపిస్తుంది. వాదం లేదు, బతిమాలుకోవడం లేదు. అటువంటి మనం కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి కొలత మరిచిపోతున్నాము.

గాడి, గడ్డివామి

మెమొరీ అంటే ఏమిటో ముందు తెలియాలి. గొడ్లపాక వెనుక గడ్డివామి వుంటుంది. గేదె ముందు గాడి వుంటుంది. గేదె వామి దగ్గరకు పోయి మేయదు, గాడిలో వేసినదే మేస్తుంది. కంప్యూటరులో లెక్క చేసే ప్రాసెసరే గేదె. ఫోటోలు, పాఠాలు, ప్రోగ్రాములు అన్నీ దాచివుండే డిస్కు గడ్డివామి. ప్రస్తుతం నడుస్తున్న పనికి కావలసినది తెచ్చి పెట్టుకొనే చోటే మెమొరీ, అంటే గాడి. కరెంటు పోతే ఆ గాడి ఖాళీ అవుతుంది. వామి మాత్రం అలాగే వుంటుంది.

గాడి చిన్నదై మేత పట్టకపోతే, మాటిమాటికీ వామి దగ్గరకు పరుగెత్తాలి. కంప్యూటరు కూడా అంతే. మెమొరీ నిండిపోతే కొంత సరుకును డిస్కులో దించి, అవసరమైనప్పుడు మళ్ళీ ఎత్తుకొంటుంది. అందువల్ల నెమ్మదిస్తుంది. అటువంటప్పుడు గాడి పెద్దది చేస్తే, అంటే మెమొరీ పెంచితే, తప్పక గుణం కనిపిస్తుంది.

కాని గాడి సగం ఖాళీగా వుండి, వామికి పోయే దారే బురదగా వుంటే? గాడి ఎంత పెంచినా లాభం లేదు. నాకు జరిగినది అదే. లోపల పళ్ళెం తిరిగే పాత హార్డ్ డిస్కు అరిగిపోయివున్నది. పక్కింటివారి దూడలు వచ్చి మన గాడిలో మేస్తూ వుంటే? వాటిని తోలాలి గాని గాడి పెంచరాదు. మనం అడగకుండానే, కంప్యూటరు పెట్టగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు ఆ దూడల వంటివి.

పరీక్ష చేసే పద్ధతి

దీనికి గంధకామ్లం అక్కరలేదు, కానీ ఖర్చు లేదు. విండోస్ కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అనే కిటికీ తెరుచుకొంటుంది. అందులో సీపీయూ, మెమొరీ, డిస్క్ అని మూడు అంకెలు శాతాలలో కనిపిస్తాయి.

ముందు ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి మళ్ళీ పెట్టినా అదే కదా అనుకోవద్దు. విండోస్ 10, 11లలో షట్ డౌన్ చేసినా త్వరగా లేవడానికి కొంత పాత స్థితిని దాచుకొనే ఏర్పాటు వున్నది. రీస్టార్ట్ చేస్తేనే పూర్తిగా కడిగినట్టవుతుంది. తరువాత మీ పిల్లలు రోజూ చేసే పనినే చేయమనండి. నెమ్మదించినప్పుడు ఆ మూడు అంకెలనూ నోటుబుక్కులో రాయండి. పొద్దుటి పాలు, సాయంత్రం పాలు రాసుకొన్నట్టు మూడు రోజులు రెండు పూటలా రాయండి. ఒక పూట పాలు చూసి గేదె గుణం చెప్పలేము కదా.

ఇప్పుడు ఆ లెక్క చూడండి.

మెమొరీ ఎప్పుడూ 85, 90 శాతం దాటి వుంటే గాడి చాలడం లేదన్నమాట. అప్పుడు డిస్కు కూడా 100 చూపవచ్చు, ఎందుకంటే పొర్లిన సరుకు అక్కడికే పోతున్నది. దీనికి మెమొరీయే మందు.

మెమొరీ సగం దగ్గరే వుండి డిస్కు 100 దగ్గర నిలబడితే, తప్పు డిస్కుది. పాత డిస్కు తీసి ఎస్.ఎస్.డి. అనే తిరిగే భాగాలు లేని డిస్కు వేయించాలి. మా కంప్యూటరుకు చివరకు వేయించినది అదే. ఇప్పుడు కాఫీ పొయ్యిమీద పెట్టేలోపు లేస్తున్నది. కొన్న మెమొరీ కూడా అందులోనే వున్నది, దండగ పడకపోయినా దాని అవసరం ముందుగా లేదు.

సీపీయూ మాత్రమే 100 దగ్గర వుంటే, ఏ ప్రోగ్రాము మేస్తున్నదో అదే కిటికీలో పేరుతో సహా కనిపిస్తుంది. అది తెలియని పేరయితే వైరసేమో చూడాలి. అదే కిటికీలో స్టార్టప్ అనే చోట అక్కరలేనివి ఆపవచ్చు. డిస్కు నిండిపోయి ఎర్రగీత చూపుతుంటే పాత సినిమాలు తీసివేయాలి. ఈ రెండు పనులతోనే కొన్ని యంత్రాలు బాగుపడతాయి. పైసా ఖర్చు లేదు.

మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటి వున్నది. మనం సముద్రం దగ్గర వున్నాము. పేరుపాలెం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి కిటికీ ఊచలే తినేస్తాయి. కంప్యూటరు లోపలి ఫ్యానుకు దుమ్ము, తేమ కలిసి మడ్డిలా పడుతుంది. గాలి ఆడక ప్రాసెసరు వేడెక్కితే, తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకొంటుంది. మెమొరీ పట్టీ చివర వుండే లోహపు గీతలకు చిలుము పట్టినా యంత్రం మొరాయిస్తుంది. కరెంటు తీగ పూర్తిగా తీసి, తెలిసినవారి చేత దుమ్ము దులిపించి, పట్టీని ఒకసారి తీసి తుడిచి మళ్ళీ నొక్కించండి. పాకలో, దాణా బస్తాల పక్కన కంప్యూటరు పెట్టవద్దు.

మెమొరీయే కావాలని తేలితే

అప్పుడు కొనడంలోనూ కొలత తప్పరాదు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలున్నాయి. ఒక దానిలో మరొకటి పట్టదు. పట్టీలో గంటు వుండే చోటే వేరు. బల్లమీది కంప్యూటరుకు పొడుగు పట్టీ, లాప్‌టాప్‌కు పొట్టి పట్టీ. కొన్ని లాప్‌టాప్‌లలో మెమొరీని బోర్డుకే అతికించి వుంచుతారు, దానిని మార్చలేము. ఎన్ని ఖానాలు వున్నాయో, ఎన్ని నిండాయో టాస్క్ మేనేజర్‌లో మెమొరీ దగ్గరే కనిపిస్తుంది. మీ విండోస్ 32 బిట్‌దైతే నాలుగు జీబీకి మించి వేసినది వాడుకోలేదు. ఇవన్నీ కాగితం మీద రాసుకొని దుకాణానికి వెళ్ళండి. పనిచేయకపోతే వెనుకకు తీసుకొంటారా అని డబ్బు ఇవ్వకముందే అడిగి, బిల్లు తీసుకోండి.

ధర విషయంలో మరొక మాట. 2025 చివరి నెలలలో ప్రపంచమంతటా మెమొరీ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద కేంద్రాలకు మెమొరీ విపరీతంగా కావలసి వచ్చింది. తయారీదారులు అటువైపు మొగ్గారు. 2025 డిసెంబరులో అమెరికాకు చెందిన మైక్రాన్ కంపెనీ, క్రూషియల్ అనే పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్లు ప్రకటించింది. నూనె మిల్లులో చెక్కంతా ఒక పెద్ద బేరగాడు ఎత్తుకుపోతే మన కొట్టులో చెక్క ధర ఏమవుతుందో మీకు తెలుసు. కాబట్టి నిరుటి ధర మనసులో పెట్టుకొని వెళ్ళవద్దు. రెండు మూడు చోట్ల విచారించండి. అవసరం తేలనప్పుడు ఆశకొద్దీ కొనడం ఈ ధరల్లో మరీ నష్టం.

వట్టిపోయిన గేదెకు దాణా

ఇక ఆఖరి లెక్క. గేదె ఈతలన్నీ అయిపోయి వట్టిపోతే, దాణా పెంచి లాభం లేదని మనకు తెలుసు. కంప్యూటరుకూ వయసు చూడాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇచ్చే మామూలు రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు కనీసం నాలుగు జీబీ మెమొరీ చాలునన్నారు గాని, ఇంటెల్ ప్రాసెసరయితే సాధారణంగా ఎనిమిదవ తరం నుంచి, అందులోనూ వారి జాబితాలో వున్నవాటినే, అంగీకరిస్తారు. దానికంటె పాత యంత్రంలో ఎంత మెమొరీ పోసినా ఆ తలుపు తెరుచుకోదు.

అటువంటి పాత యంత్రాన్ని పారేయమని నేననను. పాఠాలు చూడడానికి, తెలుగులో రాసుకోవడానికి మాత్రమే అయితే ఉచితంగా దొరికే లినక్స్ వేయించి వాడుకోవచ్చు. పిల్లలు ట్యాలీ వంటివి నేర్చుకోవాలంటే అవి విండోస్ కోసం తయారైనవి గనుక, మెమొరీకి పెట్టే డబ్బు దాచి మరొక యంత్రానికి జమ చేసుకోవడం మంచిది. ఏది చేసినా, విప్పకముందు పిల్లల సర్టిఫికెట్లు, ఫోటోలు వేరే చోట నకలు పెట్టుకోండి. మన సంఘం ఆఫీసులోని కంప్యూటరుకు ఇది మరీ ముఖ్యం. అందులో వున్నది మీ అందరి పాల లెక్క. అది నెమ్మదించిందని ఎవరైనా విప్పబోతే, నకలు తీశారా అని సభ్యులుగా మీరే అడగండి.

కంప్యూటరు గురించి నాకు తెలిసినది ఇంతే. నేను ఇంజనీరును కాను, తప్పు చేసి నేర్చుకొన్నవాణ్ణి. మా ఆవిడకు ఆ రెండు వేలు తిరిగి ఇచ్చాను. ఆమె తీసుకొని లెక్కపెట్టి మరీ దాచుకొన్నది. అదీ కొలతే. మీ పక్షం బిల్లు వెనుక ముప్పై పూటల పాలు వున్నాయి. ఆ డబ్బు ఇంట్లోనుంచి బయటికి వెళ్ళేముందు మూడు రోజులు అంకెలు రాసి చూడండి. నోటుబుక్కు తెస్తే, మన పాల కేంద్రంలో పరీక్ష చేసే కుర్రవాడూ నేనూ కలిసి చూసిపెడతాము.

 సాయంత్రం పాల వేళ దగ్గర పడింది, సెలవు.