వెబ్‌సైటులు – అనుబంధములు



వ్యాకరణము చదివినవారికి ఆగమమునకును ఆదేశమునకును గల భేదము చిన్ననాటినుండియే తెలిసియుండును. “మా” అను మాటకు పిమ్మట “అమ్మ” అను మాట వచ్చినప్పుడు నడుమ యకారము చేరి “మాయమ్మ” యగును. ముందున్న అచ్చు చెడలేదు, వెనుకనున్న అచ్చును చెడలేదు. చేరిన యకారము రెంటిని పొందుపరచినది. ఇది ఆగమము. “వాడు పోయెను” అనుచోట పకారము తొలగి, వకారము వచ్చి, “వాడు వోయెను” అగును. ఇది ఆదేశము. వచ్చినది ఉన్నదానిని వెడలగొట్టి దాని చోట కూర్చున్నది. కావుననే పెద్దలు ఆగమమును మిత్రునితోను, ఆదేశమును శత్రువుతోను పోల్చిరి.

వెబ్‌సైటును గూర్చి ప్రసంగింప వచ్చి ఈ సంధిపాఠమేల యని మీరడుగవచ్చును. నేను చెప్పదలచిన సారమంతయు ఈ రెండు మాటలలోనే యిమిడియున్నది.

తొలినాళ్లలో వెబ్‌సైటునందలి ప్రతి పుటను చేతితో కూర్పవలసియుండెడిది. ఒక్క మాట మార్పవలెనన్నను ఆ విద్య యెరిగినవాడే దిక్కు. తరువాత వేరొక పద్ధతి వచ్చినది. వ్రాతలన్నియు ఒక భాండారమున నుండును. పుట యొక్క రూపురేఖలు వేరొకచోట నుండును. చదువరి కోరినప్పుడు ఒక ప్రోగ్రాము ఆ రెంటిని కలిపి పుటను సిద్ధపరచి పంపును. బెల్జియము దేశీయుడగు డ్రీస్ బాయ్‌టార్ట్ 2001లో వెలువరించిన డ్రూపల్ ఇట్టిది. 2003లో అమెరికా దేశీయుడు మాట్ ముల్లెన్‌వెగ్, ఆంగ్లేయుడు మైక్ లిటిల్ కలిసి ఆరంభించిన వర్డ్‌ప్రెస్ ఇట్టిది. 2005లో పుట్టిన జూమ్లాయు ఇట్టిదే. ఈ జూమ్లా యను పేరు, అన్నియు కలిసి యను నర్థముగల స్వాహిలీ మాటనుండి వచ్చినదట. మన కరణముల లెక్కలలోని “జుమలా”కు అది చుట్టమేయని విన్నప్పుడు నాకు నవ్వు వచ్చినది. నేడు లోకమందలి వెబ్‌సైటులలో నూటికి నలుబదికి మించి వర్డ్‌ప్రెస్ మీదనే నడచుచున్నవి గావున నేను దానినే ఉదాహరణముగా గైకొందును.

ఏ ప్రోగ్రామైనను అందరి అవసరములను తానే తీర్పజాలదు. బడికి ఒకటి కావలెను, దుకాణమునకు మరియొకటి కావలెను. ఎవరికి వారు మూలమునే దిద్దుకొన్నచో నేమగును? మూలకర్తలు క్రొత్త కూర్పు వెలువరించిన దినమున ఆ దిద్దుబాటులన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. లేదా, దిద్దుబాటులు పోవునను భయముచే క్రొత్త కూర్పును తెచ్చుకొనక పాతదానితోనే కాలము గడపవలసివచ్చును. ఇది ఆదేశమువలని చిక్కు.

2004లో వచ్చిన 1.2 అను కూర్పునందు వర్డ్‌ప్రెస్‌వారు దీనికి మందు కనిపెట్టిరి. ప్రోగ్రాము నడచు త్రోవలో అక్కడక్కడ కొక్కెములవంటి తావులేర్పరచిరి. ఆ తావునకు వచ్చినప్పుడు ప్రోగ్రాము ఒక్క క్షణమాగి, “ఇచ్చట ఎవరికైన పని యున్నదా?” యని యడిగినట్లు భావింపుడు. ఉన్నవారు వచ్చి పని చేసిపోవుదురు. ఇట్లు వచ్చి చేరునవియే ప్లగిన్‌లు. నేను వానిని అనుబంధములని పిలుతును. కొక్కెములు రెండు విధములు. ఒకచోట అనుబంధము ఏదేని కార్యమును చేయును. వ్యాసము ప్రకటితము కాగానే ఒకరికి ఉత్తరము పంపుట వంటిది. మరియొకచోట తనచేతికి వచ్చిన వ్రాతను సవరించి తిరిగి యిచ్చును. రెంటియందును మూలము చెక్కుచెదరదు. ఇది ఆగమము.

పాతపద్ధతిపై మక్కువగల నావంటివారికి ఒక ఉదాహరణము. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0 కూర్పు వచ్చి వ్రాయు పలకనే మార్చివేసినది. పాత పలకకు అలవాటుపడినవారు గోలపెట్టిరి. అప్పుడు ఆ సంస్థవారే “క్లాసిక్ ఎడిటర్” అను అనుబంధమును సమకూర్చిరి. దానిని చేర్చుకొన్నవారికి పాత పలక తిరిగి వచ్చినది. వలదన్నవారికి క్రొత్తది నిలిచినది. ఒకరి కోరిక మరియొకరికి అడ్డు రాలేదు.

ఇంతవరకు స్తుతి. ఇక అవతలి పక్షము.

మా యూరి గ్రంథాలయమునకు ఒక వెబ్‌సైటు కలదు. ఊరి వృద్ధులు చెప్పగా వ్రాసికొన్న చెరువుల చరిత్రలు, మా స్త్రీలు పాడిన పాటలు అందులో భద్రపరచబడినవి. చెప్పినవారిలోను పాడినవారిలోను పలువురు నేడు లేరు. దానిని నిర్మించి యిచ్చినవారు పని ముగించుకొని పోయిన పిమ్మట నిర్వహణము నాకప్పగింపబడినది. లెక్కింపగా అందు ముప్పదినాలుగు అనుబంధములున్నవి. తెరపై మంచు రాల్చునది యొకటి, బొమ్మలను త్రిప్పునవి మూడు, ఎందులకో ఎవ్వరికిని తెలియనివి మరికొన్ని. మంది ఎక్కువైన మజ్జిగ పలుచనయగునన్నట్లు, ఫోనులో పుట తెరచుకొనులోపల చదువరి విసిగి లేచిపోవుచుండెను. అది చాలదన్నట్లు, ఏండ్లతరబడి సవరింపబడని యొక అనుబంధపు సందునుండి ఎవడో చొరబడి, పాటలున్నచోట జూదపు ప్రకటనలు నింపెను. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక యూడినదనుట ఇదియే.

పూర్వము నావద్ద చదివి, నేడు కంప్యూటరు వృత్తిలోనున్న యొక శిష్యుడు వచ్చి చూచెను. “మాస్టారూ, వీనిలో మీకు నిజముగా పని చేసిపెట్టునవి యెన్ని?” యని యడిగెను. “నీవే చెప్పుము, నాయనా” యంటిని. ఇద్దరము కూర్చుండి ఏరగా ఆరు నిలిచినవి. రాత్రికొకమారు సమస్తమును ప్రతి తీసి వేరొకచోట దాచునది యొకటి. పుటను ప్రతిసారియు క్రొత్తగా వండక, ఒకసారి వండినదానిని నిలువయుంచి వడ్డించునది యొకటి. బొమ్మల బరువు తగ్గించునది, లోనికి వచ్చువారిని రెండవ తాళముతో పరీక్షించునది, పాటలను వినిపించునది, చదువరులు మాకు ఉత్తరము వ్రాయుటకైనది తక్కినవి. పోయిన పాటలు తిరిగి వచ్చినవన్నచో, అది ఆ మొదటి అనుబంధము దాచిన ప్రతి చలవయే. చెరచినదియు అనుబంధమే, బ్రతికించినదియు అనుబంధమే.

ఇది మా యూరి చిక్కు మాత్రమే కాదు. ఏ పుటలో ఏ పెట్టె కనబడవలెనో నిర్ణయించు “డిస్ప్లే విడ్జెట్స్” అను అనుబంధము సుమారు 2 లక్షల వెబ్‌సైటులలో నుండెను. 2017లో అది చేతులు మారినది. కొన్నవారు అందులో దొంగవ్రాత చేర్చి, పరుల ప్రకటనలను ప్రకటించుకొనిరి. అవి లాగినైన యజమానికి కనబడక తక్కినవారికే కనబడునట్లు చేసిరి. ఆ యేటనే అది అధికారిక పట్టికనుండి తొలగింపబడినది. 2020 సెప్టెంబరులో “ఫైల్ మేనేజర్” అను మరియొకదానియందు లోపము బయటపడినది. ఏ తాళపుచెవియు లేనివాడును తన ఫైలును లోనికి పంపగల లోపమది. అప్పటికి దానిని పెట్టుకొన్నవి 7 లక్షలకు పైబడిన వెబ్‌సైటులు. కారణము గమనింపుడు. ఇంట చేరిన అనుబంధమునకు వంటయిల్లనియు పూజగదియనియు కట్టుబాటు లేదు. మూలప్రోగ్రామునకు గల అధికారము సర్వము దానికిని కలదు.

మరి ఎట్లు ఏరుకొనవలెను? అధికారిక పట్టికలో సుమారు 60,000 అనుబంధములు కలవు. ప్రతిదాని పుటపైనను కడపట ఎప్పుడు సవరింపబడినదో, ఏ కూర్పుతో పరీక్షింపబడినదో, ఎందరు వాడుచున్నారో వ్రాసియుండును. ముఖ్యమైన మూడు క్రొత్త కూర్పులతో పరీక్షింపబడనిచో హెచ్చరికయు నుండును. అది చదువక చేర్చుకొనుట, గోత్రము విచారింపక పిల్లనిచ్చుట వంటిది. చేర్చుకొన్నదానికి సవరణలు వచ్చినప్పుడు వెంటనే గైకొనవలెను. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 కూర్పునుండి ఆ పని తనంతట తాను జరుగునట్లు ఏర్పాటు కలదు. వాడనిదానిని ఆపివేయుటతో తృప్తిచెందక తీసివేయవలెను. ఆపినను దాని ఫైళ్లు ఇంటనే యుండును.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష యొకటి కలదు. దీనిని రేపు తొలగించితిమేని నా వ్రాత నా వ్రాతగా నిలుచునా? పుటలను అందముగా తీర్చు అనుబంధములు కొన్ని, మన వాక్యములను తమ సంకేతముల నడుమ బంధించి దాచును. వానిని తీసివేసిన నాడు వాక్యముల చుట్టును చదరపు కుండలీకరణములును అర్థముకాని గుర్తులును మిగులును. అట్టివి ఆగమపు వేషమున వచ్చిన ఆదేశములు. ద్వారమున మిత్రునివలె వచ్చును, గాని పోవునప్పుడు మన సొత్తు పట్టుకొనిపోవును. నకలు వెబ్‌సైటున చేర్చి, తీసి, చూచిన పిమ్మటనే అసలుదానిలో నిలుపుట మేలు.

వెబ్‌సైటును అలంకరింపవలదని నా మాటకు తాత్పర్యము కాదు. యకారము లేనిచో “మాయమ్మ” పలుకుట కష్టమే. కాని మనము పిలుచునది అమ్మను, యకారమును కాదు. గ్రంథాలయమునకు పాటలు ముఖ్యము, బడికి పాఠములు ముఖ్యము, దుకాణమునకు సరకు ముఖ్యము. వానిని చదువరి చెంతకు సుకరముగా చేర్చు అనుబంధమే అనుబంధము. తక్కినవానిని ఈ వారమే తీసివేయుడు. తీయుటకు ముందు సమస్తమునకు ఒక ప్రతి తీసి దాచుకొనుడు.