కన్యాశుల్కం మళ్లీ ఎందుకు చదవాలి?



మేము రైల్వే గుమాస్తాలము. మా చదువు మెట్రిక్‌తో సరి. పండితులు చెప్పవలసిన విషయం మాకు అప్పగించారు. చదువరులుగా మాకు తోచినది మనవి చేస్తాము.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని బాగా పెంచి తిరిగి రాశారు. 1955లో సినిమా కూడా వచ్చింది. కథ తెలిసిందే గదా, మళ్లీ చదవడమెందుకని కొందరు అడుగుతారు.

మొదటిసారి చదివినప్పుడు పుస్తకమంతా గిరీశానిదే. వాడి చుట్ట, వాడి ఇంగ్లీషు, వాడి కోతలు! నవ్వి నవ్వి పొట్ట చెక్కలవుతుంది. రెండోసారి చదివితే బుచ్చమ్మ కనబడుతుంది. చిన్ననాడే వైధవ్యం వచ్చిన పిల్ల. నాటకంలో ప్రేమను గురించి అందరికంటె ఎక్కువ మాట్లాడేవాడు గిరీశం. అందరికంటె తక్కువ ప్రేమించేవాడూ వాడే. పూటకూళ్లమ్మ సొమ్ము తిన్న నోటితోనే వితంతు వివాహాన్ని గురించి ఉపన్యాసాలిస్తాడు. బుచ్చమ్మ వాడి వెంట వెళ్లింది వాడి మాటలకు మురిసి మాత్రమే కాదు. తాను వెళితే చెల్లెలు సుబ్బికి ముసలి మొగుడు తప్పుతాడన్న ఆశ కూడా వుంది. ప్రేమ అంటే అది. కాని ఆ మాట ఆమె నోట రాదు. మేనకోడలి కోసం కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేస్తాడు. మధురవాణి తనకేమీ కాని పిల్లకోసం పూనుకుంటుంది. ప్రేమించినవారు పని చేశారు. ప్రేమను వర్ణించినవాడు వాడుకున్నాడు.

ఇది పాతకాలపు గొడవ అనుకోకూడదు. శుల్కం పోయింది, కట్నం వచ్చింది. 1961లో నిషేధిస్తూ చట్టం చేసినా పెళ్లిచూపుల్లో బేరం ఆగలేదు. నేటి గిరీశాల చేతిలో చుట్టకు బదులు ఫోను వుంది. ఊరుగాని ఊళ్లో, హోసూరు ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన మన ఆడపిల్లలు తీయని మాటలు రోజూ వింటున్నారు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు పని చేస్తున్నారు అని చూచుకోవడం ఈ నాటకం నేర్పుతుంది. కోప్పడి కాదు, నవ్వించి నేర్పుతుంది.

ఇంకొక మాట. హోసూరు, కృష్ణగిరి వైపు తరతరాలుగా వున్నవారి తెలుగు వేరు, కోస్తా నుంచి వచ్చినవారి తెలుగు వేరు. అయినా వాడుక భాషలో రాసిన ఈ నాటకం ఇద్దరికీ అందుతుంది. తెలుగు చదవడం రాని పిల్లలు మన ఇళ్లలో చాలామంది వున్నారు. వారానికొక రంగం పెద్దలు పైకి చదవండి, పిల్లలు వింటారు. గిరీశం మాటలకు వాళ్లు నవ్వుతారు; నవ్వనీయండి. తరువాత, బుచ్చమ్మ సంగతేమయిందని అడగండి.

సెలవు.