న్యాయవాది వి.వి. గిరి – మన సంఘాలకు ఆయన పాఠం

(హయత్‌నగర్‌లో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 ఈ పూట దాణా గురించి, వెన్న శాతం గురించి కాక, ఒక న్యాయవాది గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. సంఘంలో పనిచేసే కార్యదర్శితో, టెస్టరుతో, సహాయకునితో మనం ఎలా మెలగాలో ఆయన జీవితం నుంచి నేర్చుకోవచ్చు.

ఆయన వరాహగిరి వేంకటగిరి. 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు కూడా న్యాయవాదే. గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండులోని డబ్లిన్ వెళ్ళారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం, కార్మికోద్యమం ఆయన మనసుకు హత్తుకున్నాయి. 1916లో బారిస్టరై స్వదేశం చేరి ప్రాక్టీసు పెట్టారు. గాంధీజీ పిలుపు విని దానిని వదులుకున్నారు.

ఆ తరువాత రైల్వే కార్మికులే ఆయనకు కక్షిదారులు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక మహాసభకు మన కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనిపోయిన వారి పక్షాన శాంతియుతంగా సమ్మె నడిపారు. 1937లో మద్రాసు రాష్ట్రంలోను, 1952లో కేంద్రంలోను కార్మిక మంత్రి అయ్యారు.

ఆయన నమ్మినది ఒక్కటే. యజమాని, పనివాడు ముందుగా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. మూడవవాడు తీర్పు చెబితే ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడుతారు. మరునాడు ఇద్దరూ ఒకే చోట పని చేయవలసిందే. మాట్లాడుకుని కుదుర్చుకున్నది నిలుస్తుంది. అయితే తీర్పంటూ వచ్చాక దానిని మన్నించవలసిందే. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి మార్చినప్పుడు, గిరిగారు మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు.

చట్టంతోపాటు ఆయనకు వ్రాతపని మీద, పల్లెల మీద మక్కువ. కార్మిక సమస్యలపై పుస్తకాలు వ్రాశారు. ఇంటింటా కుటీర పరిశ్రమ, ఎకరమెకరానా పచ్చిక వుండాలన్నది ఆయన ఆలోచన. పాడి రైతులకు ఇంతకంటే దగ్గరి మాట ఏముంటుంది?

ఇక మన సంగతి. సంఘంలో మనం సభ్యులమే కాదు, యజమానులం కూడా. జీతం ఆలస్యమైందనో, టెస్టు సరిగా చేయలేదనో మాటామాటా పెరుగుతుంది. పాలకవర్గం ఆవేశపడి మనిషిని తీసేస్తుంది, లేదా అతడు తాళం వేసి ఇంటికి పోతాడు. గేదె మాత్రం సాయంత్రానికి చేపక మానదు. క్యానులో పాలు విరిగితే నష్టం ఎవరికి? రెండు బర్రెల మీద బ్రతికే చిన్న రైతుకు.

అందుచేత మా సలహాలు ఇవి. పనిలో పెట్టుకునేటప్పుడే పని వేళలు, జీతం, సెలవులు కాగితంపై వ్రాసి ఇరువురూ సంతకాలు చేయండి. జీతం చెప్పిన తేదీకి ఇవ్వండి. తప్పు కనబడితే అతనిని పాలకవర్గం ముందుకు పిలిచి, అతడు చెప్పేది పూర్తిగా వినండి. విన్నది మినిట్సు పుస్తకంలో వ్రాయండి. కుదిరిన ఒప్పందాన్ని సభ్యులందరికీ చదివి వినిపించండి. అప్పటికీ తెగకపోతే చట్టం వుండనే వుంది.

గిట్టుబాటు ధర కోసం మనం ఎంత గట్టిగా అడుగుతామో, మన దగ్గర పనిచేసేవాడు తన కూలి కోసం అంతే గట్టిగా అడుగుతాడు. ఆ మాట వినే ఓపిక వున్న సంఘంలో పాల సేకరణ ఒక్క పూట కూడా ఆగదు. మీ సంఘాలన్నీ అలా నడవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.