కారు మెరుగునకు ఏ యంత్రము?

కారునకు యంత్రముతో మెరుగు పెట్టుట యనగా గీతను పూడ్చుట కాదు. గీత అడుగు మట్టమునకు చుట్టునున్న పూతను అరగదీయుట. నేటి కార్లలో రంగుపైనుండు పారదర్శకమగు పొర సాధారణముగా 40, 50 మైక్రానుల మందమే. తల వెంట్రుక మందమునకు మించదు. అరిగిన పొర తిరిగి రాదు. కావున యంత్రము నెన్నుకొనునపుడు వేగముకంటె ముందు ఈ పొరను తలచుకొనవలెను.

రోటరీ యంత్రమున ప్యాడు ఒకే ఇరుసుపై గిరగిర తిరుగును. మొండి గీతలను త్వరగా తీయును. కాని ఒకేచోట నిలిపినచో వేడి పుట్టి పూత కాలవచ్చును. అంచులయొద్ద ఈ ప్రమాదము మెండు. చేయి కుదరనివారు పట్టినచో వలయములవంటి చారలు మిగులును.

డ్యూయల్ యాక్షన్ యంత్రమున ప్యాడు తనచుట్టు తాను తిరుగుచునే చిన్న కక్ష్యలో కూడ తిరుగును. అందుచే వేడి ఒకచోట పోగుపడదు. సామాన్యమగు రకమున గట్టిగా అదిమినచో ప్యాడు భ్రమణము ఆగిపోవును. ఆ ఆగుటయే పూతకు రక్షణ. గేరుతో తిరుగు రకము అట్లాగదు. పని వడిగా సాగును, జాగ్రత్తయు హెచ్చుగా కావలెను.

ఇదియే వృత్తియైనవారికి రోటరీ తగును. ఇంట ఒక్క కారు కలవారికి మేము సామాన్యమగు డ్యూయల్ యాక్షనునే సూచింతుము. ఏదైనను, మెత్తని ప్యాడుతో, సన్నని పాలిషుతో జానెడు చోట పరీక్షించిన పిమ్మటనే బండికంతకును పూనుకొనుడు. గోటికి తగులు గీతను మాత్రము పూర్తిగా తీయబూనకుడు.