కరిగి తోడ్పడే లోహం
(ప్లాటినం జూబిలీ విజ్ఞాన సదస్సులోని ప్రసంగ పాఠం)



బడిలో రసాయనశాస్త్రం చదివిన వారందరికీ మెగ్నీషియం రిబ్బను గుర్తుండే ఉంటుంది. పట్టకారుతో పట్టి మంటలో ఉంచగానే అది కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగుతో మండి, తెల్లని బూడిదగా రాలిపోతుంది. అట్టి లోహమే విరిగిన ఎముకకు ఊతమై నిలిచి, పని తీరిన పిదప శరీరంలోనే కరిగిపోగలదంటే వింతగా తోచవచ్చు. నేటి ప్రసంగ విషయం ఆ వింతయే.

కాలు విరిగిన పిల్లవానికి వైద్యులు ఉక్కు లేదా టైటానియం ప్లేటు వేసి మరలు బిగిస్తారు. ఎముక అతుకుతుంది. కాని పిల్లవాడు ఎదుగుతాడు, ప్లేటు ఎదగదు. కనుక అనేక సందర్భాలలో దానిని తీయడానికి మరల శస్త్రచికిత్స, మరల మత్తుమందు, మరల ఖర్చు తప్పవు. కొత్త ఇంటికి స్లాబు పోసినప్పుడు కింద సెంట్రింగు నిలుపుతారు. కాంక్రీటు గట్టిపడిన తరువాత విప్పివేస్తారు. ఎముక కింది సెంట్రింగు ఎవరూ విప్పనక్కరలేకుండా తనంత తానే తొలగిపోతే ఎంత మేలు!

అందుకు మెగ్నీషియం తగినది. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు, ఎముక సాంద్రతకు చేరువ. దాని దృఢత్వం కూడా ఉక్కు, టైటానియంల కంటె ఎముకకే దగ్గర. పెద్దవారి శరీరంలో సహజంగానే సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకలలోనే. కరిగిన లోహంలో మిగులును మూత్రపిండాలు వెలుపలికి పంపివేస్తాయి.

ఈ ఆలోచన పాతదే. 1878లో ఎడ్వర్డ్ హ్యూస్ అనే వైద్యుడు రక్తస్రావం ఆపడానికి మెగ్నీషియం తీగతో రక్తనాళాలను కట్టాడు. 20వ శతాబ్దపు తొలి దశకంలో బెల్జియం శస్త్రవైద్యుడు లాంబాట్ విరిగిన కాలికి మెగ్నీషియం పలకను బంగారు పూత పూసిన ఉక్కు మేకులతో బిగించాడు. ఎనిమిది దినాలలో పలక శిథిలమైంది; చర్మం కింద వాయువు నిండింది. రెండు వేర్వేరు లోహాలు శరీర ద్రవంలో తాకి ఉంటే విద్యుద్ఘటంలో వలె ఒకటి వేగంగా క్షయిస్తుంది. అదిగాక మెగ్నీషియం నీటితో కలిసి ఉదజనిని విడుదల చేస్తుంది. ఒక్క గ్రాము లోహం దాదాపు ఒక లీటరు వాయువును ఇస్తుంది. ఆ వాయువు నెమ్మదిగా పుడితే శరీరం పీల్చుకొనగలదు. ఒక్కసారిగా పుడితే బుడగై నిలిచిపోతుంది. కరగడం సమస్య కాదు, ఎంత త్వరగా కరుగుతుందన్నదే సమస్య.

దీనికి సమాధానం మిశ్రమలోహాలలో లభించింది. డబ్ల్యు.ఇ. 43 అనే మిశ్రమంలో సుమారు 4 శాతం యిట్రియం, 3 శాతం ఇతర అరుదైన మృత్తికా లోహాలు, కొద్దిగా జిర్కోనియం ఉంటాయి. ఇవి లోహానికి బలమిచ్చి క్షయాన్ని నెమ్మదింపజేస్తాయి. ఇనుము, నికెల్, రాగి వంటి మాలిన్యాలు మాత్రం లేశమాత్రమున్నా క్షయం వేగిరపడుతుంది. కనుక శుద్ధి ఇక్కడ ప్రధానం. మెగ్నీషియం మిశ్రమంతో చేసిన మరకు జర్మనీలో 2013లో ఐరోపా ఆమోద ముద్ర లభించింది; 2015లో దక్షిణ కొరియాలోనూ మరొక మిశ్రమపు మర అనుమతి పొందింది. అయితే ఇవి ముద్రించినవి కావు. రోగి ఎముకకు సరిపడే రూపంలో, లోపల ఎముక కణాలు చొరబడేందుకు రంధ్రాలతో ఊతాన్ని నిర్మించాలంటే పొరమీద పొరగా ముద్రించే పద్ధతి కావాలి. దానికి ముడిసరకు లోహచూర్ణం.

ఈ చూర్ణాన్ని రోటిలో నూరి చేయరు. గాలి తగలకుండా కరిగించిన లోహాన్ని సన్నని ధారగా వదలి, దానిపై అధిక పీడనంతో ఆర్గాన్ వాయువును కొడతారు. ధార తుంపరలుగా చెదరి, తలతన్యత వలన ప్రతి తుంపర గోళమై, కిందికి జారుతూనే గడ్డకడుతుంది. తరువాత జల్లెడ పట్టి, సాధారణంగా 20 నుంచి 63 మైక్రాన్ల రేణువులను ఏరుతారు. ముగ్గు వేసే గృహిణికి ఇందలి మర్మం తెలుసు: పొడిగా, సమంగా ఉన్న పిండి వేళ్ల సందున ధారగా జారుతుంది, తడిసినది ఉండకడుతుంది. ముద్రణ యంత్రంలోనూ గోళాకారపు పొడి రేణువులే సమమైన పొరగా పరచుకొంటాయి. మరీ సన్నని రేణువులు ఒకదానికొకటి అంటుకొంటాయి. అంతకు మించి సులభంగా అంటుకొని మండుతాయి. అందుచేత తేమ, గాలి, స్థిర విద్యుత్తు దరిచేరకుండా చూర్ణాన్ని ఆర్గాన్‌లో భద్రపరుస్తారు. అది మండితే నీరు పోయరాదు. నీటి నుంచి ఉదజని పుట్టి మంట మరింత పెచ్చరిల్లుతుంది.

యంత్రంలో లేజర్ కిరణం పొరలో కావలసిన చోట మాత్రమే చూర్ణాన్ని కరిగిస్తుంది. ఇక్కడ మరొక చిక్కు. మెగ్నీషియం 650 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి, దాదాపు 1,090 డిగ్రీల వద్దనే మరిగిపోతుంది. టైటానియానికి ఆ రెండింటి నడుమ 1,600 డిగ్రీల ఎడముంది. వేడి కొంచెం ఎక్కువైతే లోహం ఆవిరై, పొగ కిరణాన్నే అడ్డగిస్తుంది. తక్కువైతే పొరలు అతకవు. రేణువుల పైనున్న ఆక్సైడు పొర తునకలై లోపల మిగిలిపోతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సహచరులు కలిసి ఈ విధంగా డబ్ల్యు.ఇ. 43 ఊతాలను ముద్రించి 2018లో ఫలితాలు ప్రకటించారు. శరీర ద్రవాన్ని పోలిన ద్రావణంలో నాలుగు వారాలకు వాటి పరిమాణంలో సుమారు అయిదవ వంతు తరిగింది; అయినా మెత్తని ఎముకకు సరిపడే బలం నిలిచింది.

బాలబాలికలారా! హైదరాబాదులో చూర్ణలోహ విద్యకు ప్రత్యేకించిన కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రమే ఉన్నది. ఈ విద్య దూరదేశాలకే పరిమితం కాదు. నేడు పట్టకారుతో రిబ్బను మండించే చేతులే రేపు ఆ చూర్ణాన్ని జల్లించవచ్చు. లాంబాట్ పలక ఎనిమిది దినాలలో కరిగిపోయినప్పుడు ఆ లోహం పనికిరానిదని కొట్టివేసి ఉంటే కథ అక్కడే ముగిసేది. తరువాతి వారు అది ఎందుకు కరిగిందని అడిగారు. ఆ ప్రశ్నే లోహపు లోపాన్ని గుణంగా మార్చింది. ఎదిగే పిల్లవాడు రెండవసారి కత్తి కింద పడుకొనవలసిన పని లేని రోజు పూర్తిగా రావడానికి ఇంకా ఎన్నో ప్రశ్నలు మిగిలి ఉన్నాయి. వాటిని అడగడం నేర్పుటే బడి పని.

స్వస్తి.